చేతులెత్తి మొక్కిన గుట్ట

దూరపు కొండలు నునుపంటారు పెద్దలు. నునుపో గరుకో తర్వాతి సంగతి, ముందు అది కొండేనా అని అడగమని ఒక్క పెద్దా చెప్పలేదు. చెప్పి ఉంటే, భూపాలపల్లికి పిల్లను చూడబోయిన నాడు నా పరువు అంత పద్ధతిగా మంటగలిసేది కాదు.

మాది జనగామ జిల్లా చిల్పూరు. అంతకుముందు రెండు సంబంధాలు ‘పిలగాడు నోరే తెరవడు’ అని తప్పిపోయాయి. ఈసారైనా మాట్లాడకపోతే ఇంటికి రావద్దని మా అక్క బస్సులోనే హెచ్చరించింది. పైగా పిల్ల, పేరు సరిత, చూడగానే నచ్చేసింది. ఇద్దరూ మాట్లాడుకోండని మమ్మల్ని డాబా మీదికి పంపారు.

ఎక్కి చూద్దును కదా, ఊరి చివర ఆకాశానికి అడ్డంగా పొడుగాటి గుట్ట. సాయంత్రపు ఎండకు రాగి చెంబులా మెరుస్తోంది. గుండె నిండిపోయింది, మాట పడిపోయింది. మాట పడిపోవడమే నాకున్న జబ్బు కాబట్టి భయపడి వెంటనే నోరు తెరిచాను. దేవుడు తీరిక చేసుకుని మలిచాడన్నాను. అక్కడ మునులు తపస్సు చేసి ఉంటారన్నాను. దీని ముందు మనిషెంత, చీమంత అన్నాను.

సరిత ఒకసారి అటు, ఒకసారి నా వైపు చూసి, "ఏ గుట్ట?" అంది. అంత గుట్ట కనబడని పిల్లకు కళ్లు సరిగ్గా ఉన్నాయా అని నాకు అనుమానం వచ్చింది.

ఇంతలో గుట్ట మీదికి బండ్లు ఎక్కుతూ కనిపించాయి. మా ఊళ్లో గుట్టకు బండ్లు ఎక్కాయంటే బుగులు వెంకటేశ్వరస్వామి దర్శనానికే. ఇంకేం, చెప్పులు విడిచి, రెండు చేతులూ ఎత్తి మొక్కి, చెంపలు కూడా వేసుకున్నాను. పైన ఏ దేవుడున్నాడని అడిగాను.

సరిత మెట్ల వైపు తిరిగింది. "బాపూ, జర పైకి రా" అని పిలిచింది. వాళ్ల నాన్న వచ్చి, సంగతి విని, నన్ను ఎగాదిగా చూశాడు.

"దేవుడెవ్వడు లేడు బిడ్డా. పొద్దుగాల డ్యూటీల గాడ నేనే ఉంట."

పూజారి కాబోలు అనుకుని, గుడి ఎన్నేళ్ల నాటిదని అడిగాను.

"గుడి ఏంది? మా సరిత బడికి పోయేటప్పుడు గుట్టే లేకుండె."

పిల్ల బడికి పోయేనాడు లేని గుట్ట! మతి తప్పింది ఆయనకా నాకా అని తేల్చుకోలేకపోయాను. చివరికి ఆయనే జాలిపడ్డాడు.

"గది మట్టి కుప్ప. గనిల బొగ్గు మీదున్న మట్టి తవ్వి, డంపర్లల్ల తెచ్చి గాడ పోస్తం. నేను డంపర్ డ్రైవర్ను."

సరిగ్గా అప్పుడే పైనున్న బండి ఒకటి వెనక్కి తిరిగి, నా మునుల ఆశ్రమం మీద లోడంతా గుమ్మరించింది.

చాయ్ తాగామో లేదో గుర్తు లేదు. నచ్చిన పిల్లను నోరు తెరిచి పోగొట్టుకున్నానని బస్సులో దారంతా ఏడుపు దిగమింగుకున్నాను. ఇల్లు చేరేలోగా ఆయన ఫోన్ చేశాడు.

"ఇన్నేండ్ల సంది మట్టి పోస్తున్న. దుమ్ము లేస్తున్నదని తిట్టినోళ్లే గాని మొక్కినోడు లేడు. మా సరిత గూడ ఒప్పుకున్నది. నువ్వు పోయిన కాన్నుంచి నవ్వుతనే ఉన్నది."

ఆ సాయంత్రం నా గుండె నిండింది మాత్రం నిజం. దేవుణ్ని చూసి నిండిందా, మామ డ్యూటీని చూసి నిండిందా అన్నది ఇప్పటికీ తేలలేదు. అయినా కట్టుకున్న భార్య సాక్షిగా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీద ఎంతటి గుట్ట ఎదురైనా, అది ఏ షిఫ్టులో పుట్టిందో మామను అడగనిదే చేతులెత్తను.