పెద్దమ్మ మన పుస్తకాలు చదివిన నెల

మొన్న మా కోడలు, ఈ నెలంతా మన దేశపు పుస్తకాలే చదవాలని స్నేహితులంతా పందెం వేసుకున్నామని, నన్ను కూడా చేరమని సరదాగా అడిగింది. సరేనన్నాను గానీ, ఆ మాట వినగానే మా పెద్దమ్మ గుర్తుకొచ్చింది. అలాంటి నెల ఒకటి నా కళ్ల ముందే గడిచింది. అది పందెం కాదు.

అప్పట్లో నేను యూనివర్సిటీలో ఎం.ఏ. చదువుతూ తార్నాకలో మా పెద్దమ్మ దగ్గర ఉండేదాన్ని. ఆమె మా అమ్మకు అక్క. గుంటూరు వైపు నుంచి ఉద్యోగానికని వచ్చి, పెళ్లి ఊసెత్తకుండా, ఒక మిషన్ కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరైంది. గంజి పెట్టిన నూలుచీర, గొలుసుకు వేలాడే కళ్లజోడు, ఎవరూ ఎదురు చెప్పలేని గొంతు, అలాంటి టీచరమ్మలు మన ఈడు వాళ్లందరికీ గుర్తుండే ఉంటారు.

వానలు మొదలయ్యే రోజుల్లో ఆమె ఒక్కతే కంటి ఆస్పత్రికి వెళ్లొచ్చింది. డాక్టరు ఏమన్నాడని అడిగితే, చుక్కలమందు రాశాడని మాత్రం చెప్పి వంటింట్లోకి వెళ్లిపోయింది. మర్నాడు పొద్దున నాకో పని అప్పజెప్పింది. బెంగాలీ, కన్నడం, మలయాళం, ఉర్దూ, ఏ భాషదైనా సరే, మనవాళ్లు రాసి తెలుగులోకో ఇంగ్లీషులోకో వచ్చిన పుస్తకాలు లైబ్రరీ నుంచి తేవాలట.

"బతుకంతా పరాయివాళ్ల మంచు గురించి పాఠాలు చెప్పానే అమ్మాయ్. మన వానల గురించి ఎవరేం రాశారో చూడనేలేదు. ఈ నెల్లో చూసేయాలి."

ఈ నెల్లోనే ఎందుకని అడగాలని నాకు తోచలేదు.

లైబ్రరీ కౌంటరులో ఉండే పెద్దాయన నన్ను చూసి, "ఏందమ్మా, మొన్ననే గదా తీస్కపోయినవ్, అప్పుడే అయిపోయినయా?" అని నవ్వేవాడు. సంచి భుజాన వేసుకుని క్యాంపస్ చెట్ల కింద నడిచొస్తుంటే, లాలాగూడ వైపు నుంచి మబ్బు కమ్ముకొచ్చి, పట్టపగలే దారి నల్లబడిపోయేది. ఇంటికి వస్తే పెద్దమ్మ పుస్తకం మీద వంగి ఉండేది. చదవడంలో ఆనందమున్న మనిషిలా కాదు, ఎవరో వెంటపడి తరుముతున్న మనిషిలా చదివేది. చర్చికి వెళ్లడం మానేసింది. హాల్లో బల్బు తీయించి పెద్దది పెట్టించింది. కుర్చీని పొద్దున తూర్పు కిటికీ దగ్గరికి, మధ్యాహ్నం బాల్కనీలోకి, వెలుగు ఎటుంటే అటు లాక్కుపోయేది. టీ కప్పులో పడక సాసరులో పడుతోంటే నేనే చూసీ చూడనట్టు తుడిచేదాన్ని. ఒకసారి గోడ పట్టుకుని నడవడం చూసి ఏమైందని అడిగితే, కాలు తిమ్మిరెక్కిందంది. నమ్మలేదు. గట్టిగా అడగడానికి ధైర్యమూ చాలలేదు.

నెలాఖరున ఒక మధ్యాహ్నం వాన వెలిసి, బాల్కనీ తలుపులోంచి ఎండ నేలంతా పరుచుకుంది. ఆమె ఒడిలో కన్నడం నుంచి వచ్చిన నవల ఉంది. నేను పక్కనే కూర్చుని నోట్సు రాసుకుంటున్నాను.

"కరెంటు పోయిందేమే?" అంది.

నేను తలెత్తాను. నెత్తిమీద ఫ్యాను గిర్రున తిరుగుతోంది. ఆ గాలికి పుస్తకం పేజీలు ఆమె చేతికింద రెపరెపలాడుతున్నాయి. నేను బదులు చెప్పేలోపే ఆమే నెమ్మదిగా అంది, "ఫ్యాను తిరుగుతూనే ఉంది కదూ."

కంట్లో నరం ఎండిపోతోందని, మిగిలిన చూపు ఎప్పుడైనా పోవచ్చని డాక్టరు ముందే చెప్పాడట. నాతో ఎందుకు చెప్పలేదని ఏడ్చాను.

"చెబితే ఇలా ఏడుస్తూ కూర్చునేదానివి. పుస్తకాలు ఎవరు తెచ్చేవాళ్లు?" అంది. నా మణికట్టు పట్టుకుని పుస్తకం మీదికి లాగింది. "ఎక్కడిదాకా వచ్చానో అక్కడ వేలు పెట్టాను. అక్కణ్ణుంచి చదువు."

చదివాను. ఆ చూపు మళ్లీ రాలేదు. నాకు పెళ్లయ్యేదాకా రోజూ, తర్వాత ఆదివారాలు, ఆమె పోయేదాకా చదువుతూనే ఉన్నాను. నచ్చినచోట ఆపి మళ్లీ చదివించుకునేది, నేను తొందరపడితే కసిరేది.

ఈ మధ్య తార్నాకలో ఆ వీధిగుండా వెళ్లాను. ఒకప్పుడు సాయంత్రమైతే అక్కడ ప్రతి కిటికీలోంచీ ఒక గొంతు వినబడేది. ఎవరో పిల్ల పాఠం వల్లెవేస్తూ, ఎవరో తాతగారికి పేపరు వినిపిస్తూ, ఇంకెవరో వారపత్రికలో సీరియలు ఇంటిల్లిపాదికీ చదువుతూ. ఇప్పుడక్కడ అన్నీ అపార్టుమెంట్లు, అద్దాలు బిగించిన కిటికీలు. చదవడం మానేశారని నేననను; ఎవరి గదిలో వాళ్లు తలుపేసుకుని చదువుకుంటూనే ఉండొచ్చు. కానీ వాళ్లలో ఎవరికి అక్షరం మసకబారుతోందో, పక్కగదిలో వాళ్లకు తెలిసే దారేదీ కనిపించలేదు నాకు.