పెద్దమ్మ మంచం కింది గల్లగురిగి

మేము డబ్బు దాచుకునే గల్లగురిగి మా ఇంట్లో ఉండేది కాదు. పక్కింటి పెద్దమ్మ మంచం కింద, బియ్యం డబ్బా వెనుక ఉండేది. సొంత డబ్బు పొరుగింట్లో దాచుకోవడం ఏమిటని నవ్వేవాళ్లు నా చేతికి ఒక జడపిన్ను ఇచ్చి చూడాలి. మట్టి గురిగి పగలకుండా, ఆ సన్నటి సందులోంచి నోటును చుట్టి లాగడం నాకు చిన్నప్పుడే అబ్బిన విద్య. మా ఆయనకు ఆ విద్య రాదు. నేను లాగితే వాటా అడగడం మాత్రం వచ్చు.

ఈ గురిగి పెట్టకముందు, వానాకాలంలో ఆయనకు డెంగీ వచ్చింది. చేతిలో పైసా లేక నా పుస్తెలు కుదువపెట్టి, మెడలో పసుపు కొమ్ము కట్టుకుని దవాఖాన వరండాలో కూర్చున్నాను. ఏడవడానికి కూడా భయం వేసింది. ఆయన లేచి తిరిగాక, నా కుట్టుమిషను డబ్బుల్లోంచీ ఆయన ఆటో డబ్బుల్లోంచీ కొంత గురిగిలో వేయాలని, ఆపదకు తప్ప ముట్టకూడదని అనుకున్నాం. మామీద మాకు నమ్మకం లేక పెద్దమ్మను కాపలా పెట్టుకున్నాం. ఒంటరి మనిషి, ఆదివారం చర్చికి తప్ప పెద్దగా గడప దాటదు.

"ఎవలకన్న పాణం బాగలేకుంటెనే పలగ్గొట్టనిస్త బిడ్డా. ఆ మనిషిని నా కండ్లతోని చూడాలె," అంది.

ఎండాకాలం వచ్చేదాకా బుద్ధిగానే ఉన్నాం. ఒకరోజు చౌరస్తాలో దుకాణంవాడు ఎర్ర ఫ్రిజ్ తలుపు తెరిచి చూపించాడు. చల్లగాలి ముఖానికి తగలగానే నా బుద్ధి కాస్తా కరిగిపోయింది. మా ఆయనకేమో ఆటోలో సౌండు బాక్సులు, రంగు లైట్లు పెట్టించాలని మనసు. ఆ సంగతి నాకు తెలియదు, నా సంగతి ఆయనకు తెలియదు.

మర్నాడు మధ్యాహ్నం ముఖం వేలాడేసుకుని పెద్దమ్మ దగ్గరికి పోయాను. "పెద్దమ్మా, మా ఆయనకు కడుపుల నొస్తాంది. దవాఖానకు తీస్కపోవాలె," అన్నాను.

ఆమె వాము డబ్బా పట్టుకుని నా వెంట వచ్చింది. కడుపునొప్పి మనిషి పీట వేసుకుని మామిడికాయ పప్పు కలుపుకుంటున్నాడు. పెద్దమ్మను చూసి ముద్ద పళ్లెంలోనే వదిలేశాడు.

"పొద్దుగాల ఈయనచ్చి నువ్వు సోయిదప్పి పడ్డవన్నడు. నేనచ్చి సూస్తె నువ్వు మిషన్ కుట్టుకుంట పాటలు పాడుతాన్నవు. ఇప్పుడు నువ్వచ్చి ఈయనకు కడుపునొప్పి అంటాన్నవు," అంది పెద్దమ్మ. "ఇంతకు మీ ఇద్దట్ల ఎవలు సస్తాండ్రు? అదన్న ఒక్క మాట మీద ఉండున్రి."

ఆయన నన్ను చూశాడు, నేను ఆయన్ని చూశాను. పాపం, ఆయన చెప్పిన రోగమే నాదానికంటే బాగుంది.

పెద్దమ్మ గడప దగ్గర ఆగి, "మెడల పసుపు కొమ్ము కట్టుకున్న దినం గప్పుడే మర్శినవా?" అంది. ఆ ఎండాకాలమంతా కొత్తకుండ నీళ్లే తాగాం. ఆయన ఆటోలో పాటలు ఆయనే పాడుకున్నాడు.

వానలు మొదలయ్యాక పెద్దమ్మ నల్లా దగ్గర జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఆమె కూతురుండేది ములుగు అవతల. బస్సు పట్టుకుని వచ్చేసరికి సాయంత్రం అవుతుంది. ఆయన పెద్దమ్మను ఎత్తి ఆటోలో పడుకోబెడుతుంటే, నేను మంచం కిందికి దూరి గురిగి బయటికి తీశాను.

"అది ముట్టకు! అది మీ పాణాలకు పెట్టుకున్నది!" అని ఆమె ఆటోలోంచి అరిచింది. అంత నొప్పిలోనూ కాపలా మానలేదు.

అబద్ధం ఎందుకు, ఫ్రిజ్ ఒక్కసారి కళ్లముందు మెదిలింది. గురిగిని గడప మీద కొట్టేశాను. పెంకుల్లోంచి నోట్లు కొంగులోకి ఏరుకుని ఆటో ఎక్కాను.

దవాఖానలో డబ్బు కట్టేచోట కూర్చున్న అమ్మాయి తల ఎత్తకుండా, "పేషెంటుకు మీరేమైతరు?" అని అడిగింది. పక్కింటివాళ్లమని చెప్తే కాగితం మీద సంతకం పెట్టనిస్తారో లేదోనని నేను నీళ్లు నములుతున్నాను.

పక్కన స్ట్రెచర్ మీద పెద్దమ్మ పళ్లు బిగపట్టి తల తిప్పింది.

"నా బిడ్డ, నా అల్లుడు. రాస్కో," అంది. "అబద్ధాలు మస్తు చెప్తరు గని, నావోళ్లే."