అక్క బరువుకు రాళ్ళు

మా తాతగారి కాలంలో మక్తల్ నుంచి ఏ దారిన పోయినా మా పొలాల గట్లే కనబడేవట. నా చేతికి వచ్చేసరికి ఇల్లు, పేరు, ఒక మోటారు కారు మిగిలాయి. కారును అమ్మెయ్యమని ఎందరన్నా నేను అమ్మలేదు. మా ఇంటి ఆడవాళ్ళు ఘోషాలో ఉండేవారు. తెరలు కట్టిన ఆ కారు లేకపోతే వాళ్ళకు గడప దాటే మార్గం లేదు.

అక్క తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. నొప్పులు మొదలయ్యాక మంత్రసాని కడుపు తడిమి చూసి, "బిడ్డ అడ్డం ఉన్నడు దొరసానీ. నాతోని కాదు, పాలమూరు దవాఖానకు తోల్కపోండ్రి" అంది. పొద్దు పొడవగానే బయలుదేరాం. వెనక సీటులో తెరల మధ్య అక్క, అమ్మ. ముందు నేను, మా నాన్న కాలం నుంచీ ఉన్న డ్రైవరు.

దేవరకద్ర ఇంకా రాకముందే రబ్బరు కాలిన వాసన వచ్చింది. అది కొత్త జబ్బు కాదు. వెనక ఇరుసుకు, బండికి మధ్య ఉండే కమాను పట్టీల చివర్లను కదలకుండా పట్టి ఉంచే బుష్షులు ఏనాడో అరిగిపోయాయి. రోడ్డు ఎడమకు వాలిన చోటల్లా బండి ఇరుసు మీద ఎడమకు జరిగి, కుడి చక్రం మడ్గార్డుకు రాసుకునేది. ఆ రోడ్డు చాలా దూరం ఎడమకే వాలి ఉంటుంది.

"చిన్నదొరా, గిట్లనే పోతే టైరు పల్గుతది," అని డ్రైవరు ఆపేశాడు.

పక్కనే కొందరు రోడ్డుకు కంకర కొడుతున్నారు. వాళ్ళలో ఒక ముసలమ్మ నవ్వింది. "ముందటి కాళ్ళు ఒకదిక్కు, ఎనక కాళ్ళు ఒకదిక్కు. కుంటి బర్రె లెక్క నడుస్తాంది మీ మోటరు."

"నోరు మూస్కో అవ్వా. లోపల ఎవరో మూల్గుతాండ్రు," అన్నాడు ఒకతను.

ఇరుసు కుడి కొస నుంచి చట్రం ఎడమ వైపుకు మోకు బిగించి కడితే బండి ఎడమకు జారదని డ్రైవరు అన్నాడు. కంకర వాళ్ళ దగ్గర మోకు దొరికింది. కానీ ఆడవాళ్ళు పైన కూర్చుని ఉండగా మగవాడు కింద దూరడం మా ఇంట లేదు. దుప్పటి చాటున ఇద్దరినీ దించాం. మగవాళ్ళంతా మొహాలు తిప్పుకున్నారు. డ్రైవరు మోకును గట్టిగా కట్టి వేలితో మీటి చూపించాడు.

వాళ్ళిద్దరూ ఎక్కి కూర్చున్నాక కొద్ది దూరం కూడా పోలేదు, మళ్ళీ అదే వాసన. దిగి చూస్తే మోకు వేలాడుతోంది. ఖాళీ బండి కమాన్ల మీద ఎత్తుగా నిలబడుతుంది. మనుషులు ఎక్కితే కమాన్లు అణిగి చట్రం ఇరుసు మీదికి దిగుతుంది. ఖాళీ బండికి కట్టిన మోకు వదులవక ఏమవుతుంది?

"లోపల ఉండంగనే కట్టాలె చిన్నదొరా," అని డ్రైవరు నాతోనే మెల్లగా అన్నాడు.

నేనే కింద పడుకుని కడతానన్నాను. తెర వెనక నుంచి అమ్మ గొంతు వచ్చింది. "నువ్వయితే మొగోనివి కావా? దించుండ్రి మమ్ముల." వెంటనే అన్నది, "మా ఇద్దరి బరువుకు రాళ్ళు పెట్టి కట్టుండ్రి."

కంకర వాళ్ళు బండిని వెనక్కి తమ కుప్పల దాకా నెట్టారు. మళ్ళీ దుప్పటి పట్టి ఇద్దరినీ దించాం. ఒక కొస నా చేతిలో. నేను పొలాల వైపు చూస్తూ నిలబడ్డాను. నా వెనక గంపలతో రాళ్ళు మోసుకొచ్చి సీటు మీద పోస్తున్న చప్పుడు.

"తమ్ముడూ," అంది అక్క దుప్పటి అవతల నుంచి. "మస్తు పెట్టనియ్యకు. నేను గంత లేను."

అంతలో ఇంకో నొప్పి వచ్చింది. దుప్పటి అంచును నోట కరుచుకున్నట్టుంది, నా చేతిలోని కొస బిగుసుకుని వదులై, మళ్ళీ బిగుసుకుంది. ఆ కొసను పట్టుకోవడం తప్ప నేను చేయగలిగింది ఏమీ లేకపోయింది.

మోకు బిగించి, రాళ్ళు దించి, వాళ్ళను ఎక్కించాం. కారు పట్టాల మీద పోయినట్టు పోయింది. "చూసిండ్రా, ఇసుమంత జరుగుతలేదు," అన్నాడు డ్రైవరు సంబరంగా.

దవాఖానలో డాక్టరమ్మ ఇంత ఆలస్యం ఎందుకైందని అడిగింది. "దారిల మోటరు కరాబైంది," అంది అమ్మ. అక్క బతికింది. బిడ్డ దక్కలేదు.

ఎడ్లబండి మీద పోయినా అంతకంటే ముందు చేరేవాళ్ళమని తరువాత చాలామంది అన్నారు. అమ్మను నేను ఏనాడూ ఒక మాట అనలేదు, ఎవరినీ అననివ్వలేదు. ఆ ఘోషా ఆమె నేర్చిన మర్యాద. నాకు నేర్పిందీ అదే.

అక్కను ఇంటికి తెచ్చిన రోజు కూడా ఆ మోకు అట్లాగే ఉంది, కారు చక్కగానే నడిచింది. ఇంటి ముందర అక్క దిగుతుంటే చేయి అందించాను. ఆమె పిడికిలి తెరవలేదు. సీటు సందులో దొరికిందేమో, వేళ్ళ మధ్య నుంచి కంకర ముక్క ఒకటి కనబడింది. దాన్ని అట్లాగే పట్టుకుని లోపలికి పోయింది.