ఇలారియో ముట్టించిన నిప్పు

బ్యూనస్ ఎయిరిస్‌లోని ఓన్సే పేటలో పెర్లా పిజ్జా కొట్టు తెలియని యూదుల ఇల్లు లేదు. బట్టల కొట్ల వాళ్లు, బడిపిల్లలు, పెళ్లిచూపుల పేరుతో ఎదురెదురుగా కూర్చుని మాటలు దొరక్క ఉప్పుడబ్బీతో ఆడుకునే కొత్త జంటలు, అందరూ అక్కడికే వస్తారు. వాళ్లంతా తినేది ఇలారియో చేతి పిజ్జా. ఉల్లిపాయలు పరచడంలోనూ, చీజ్ అంచు దాకా పొంగి ఇక మాడబోతుందనగా బయటికి లాగడంలోనూ అతన్ని మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు. శనగపిండి రొట్టె సంగతి సరేసరి. దాని కోసమే ఊరి ఆ చివర నుంచి రెండు బస్సులు మారి వచ్చే ముసలమ్మ ఒకావిడ ఉండేది.

ఇంత చేయి తిరిగిన మనిషి ముప్ఫై మూడేళ్లలో ఒక్కసారి కూడా ఆ పొయ్యి వెలిగించలేదు. వెలిగించకూడదు. ఇలారియో దూరాన ఉత్తరాదిలోని కొరియెంతెస్ నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాడు, మెడలో మేరీమాత బిళ్ల ఉన్నవాడు. కోషర్ వంటకు, అంటే యూదుల మతనియమం ప్రకారం చేసే వంటకు, నిప్పు యూదుడే ముట్టించాలి. ఆ తర్వాత పిండి పిసికేది, కాల్చేది ఎవరైనా అభ్యంతరం లేదు. మన వైపు మడి లాంటిదే అనుకోండి, కాకపోతే ఇందులో తడిబట్టలుండవు.

ఆ నిప్పు ముట్టించేవాడు దొన్ నౌమ్. ఆయన ఆ కొట్టుకి మష్గియాహ్, అంటే వంటింట్లో నియమం తప్పకుండా చూసుకోమని యూదు మతగురువులైన రబ్బీల సంఘం వేసిన మనిషి. ఉదయం తొమ్మిదింటికి వచ్చి, కోటు మేకుకు తగిలించి, పొయ్యి వెలిగించేవాడు. పిండి జల్లించేవాడు. పాలకూర ఆకు ఆకూ వెలుతురుకు పట్టి పురుగుందేమో చూసేవాడు. దొరికిన ప్రతిసారీ, "ఒరేయ్ ఇలారియో, ఈ పురుగు మీ కొరియెంతెస్‌దేరా, నీలాగే నల్లగా ఉంది" అనేవాడు. "కాదండీ పెద్దాయనా, మీ వాళ్లదే. ముక్కు చూడండి ఎంతుందో" అని ఇలారియో బదులిచ్చేవాడు. ఇద్దరూ పగలబడి నవ్వుకునేవాళ్లు. పెర్లా గల్లాపెట్టె దగ్గర నుంచి, "మీ సరసాలు చాలించండయ్యా, గిరాకీ వచ్చే వేళయింది" అని కసిరేది.

కొరియెంతెస్‌లో తల్లి పోయిందని కబురొచ్చిన రోజున వరదల వల్ల ఇలారియో ఊరికి వెళ్లలేకపోయాడు. కొట్టు వెనక గదిలో పిండి బస్తాల మధ్య కూలబడ్డాడు. దొన్ నౌమ్ ఒక చిన్న పీట తెచ్చుకుని పక్కన కూర్చున్నాడు. సాయంత్రం దాకా లేవలేదు. "మా వాళ్లు చనిపోతే ఇలా నేలకు దగ్గరగా కూర్చుంటాం రా. మీ పద్ధతి నాకు తెలీదు. అందుకని నాకు తెలిసిందే చేస్తున్నా" అన్నాడు. ఆయనకు పిల్లల్లేరు. భార్య బెర్తా పోయాక పిజ్జా కొట్టే ఇల్లయింది. మధ్యాహ్నం మూల బల్ల దగ్గర రెండు ముక్కలు తిని, గ్లాసులో టీ తాగి, పుస్తకం చదువుకుంటూ సాయంత్రం దాకా అక్కడే ఉండేవాడు.

డెబ్భై నాలుగో ఏట ఆయనకు మరుపు మొదలైంది. జల్లించిన పిండినే మళ్లీ జల్లించేవాడు. కళ్లజోడు నెత్తిమీద పెట్టుకుని కొట్టంతా వెతికేవాడు. అందరూ నవ్వారు, ఆయనా నవ్వాడు. ఒకరోజు ఉదయం కోటు తగిలించి నేరుగా మూల బల్ల దగ్గరికి వెళ్లి పుస్తకం తెరిచాడు. పొయ్యి చల్లగా ఉంది.

"పెద్దాయనా, పొయ్యి..." అన్నాడు ఇలారియో.

"వెలిగించానుగదరా."

వెలిగించలేదు అందామనుకున్నాడు ఇలారియో. ఆ ముఖం చూస్తే నోరు రాలేదు. "వెలిగించారండీ, గాలికి ఆరిపోయింది" అన్నాడు. కిటికీ అన్నదే లేని వంటింట్లో గాలి! దొన్ నౌమ్ లేచి వచ్చి మళ్లీ వెలిగించాడు. అప్పటి నుంచి వారానికి రెండుసార్లు, మూడుసార్లు ఆ గాలి వీస్తూనే ఉంది. ఇలారియో మాత్రం అగ్గిపెట్టె జోలికి పోలేదు. అబద్ధమాడినా నియమం తప్పనివ్వలేదు.

పెర్లా గుడ్డిది కాదు. కోషర్ సీలు ఉందో లేదో చూడకుండానే ఒక చీజ్ పెట్టెను దొన్ నౌమ్ లోపలికి పంపించేసినప్పుడు ఇలారియోని పక్కకి పిలిచింది.

"చూడు, ఆయన నన్ను ఎత్తుకుని పెంచాడు. నా ప్రాణం పోయినంత పనవుతుంది. కానీ ఇంకొక్కటి, ఇంకొక్క పొరపాటు జరిగిందా, రబ్బీ గారికి చెప్పక తప్పదు. పేటంతా మనల్ని నమ్మి తింటోంది."

"ఆయన ఎక్కడికి పోతాడమ్మా?"

"అది నన్నడుగుతావేంటి? ఆ దేవుణ్ణడుగు" అని కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది.

ఆ శీతాకాలం, పూర్వం యూదుల ఆలయం కూలిన రోజుకు ముందు వచ్చే తొమ్మిది రోజులు మొదలయ్యాయి. ఆ తొమ్మిది రోజులూ యూదులు మాంసం ముట్టరు. దాంతో పేట పేటంతా పిజ్జా మీద పడుతుంది. అయిదో రోజు మధ్యాహ్నానికి ఆడపిల్లల బడి నుంచి నలభై మంది వస్తున్నారని పెర్లా ముందే చెప్పి ఉంచింది. ఇలారియో ఎనిమిదింటి నుంచీ వెనక గదిలో పిండి పిసుకుతూనే ఉన్నాడు. దొన్ నౌమ్ వచ్చిన అలికిడి విన్నాడు. "ప్రార్థనకి వెళ్లి పది నిమిషాల్లో వచ్చేస్తానురా" అన్న మాటా విన్నాడు. పదింటికి వంటింట్లోకి వచ్చి చూస్తే పొయ్యి మంచుగడ్డలా ఉంది.

పదిన్నర అయింది. పదకొండు కావచ్చింది. దొన్ నౌమ్ జాడ లేదు.

"ఇలారియో! పొయ్యి వేడెక్కిందా? ఇంకో గంటలో పిల్లలొచ్చేస్తారు!" పెర్లా ముందు నుంచి కేకేసింది.

'లేదమ్మా, వచ్చి నువ్వు వెలిగించు' అనాలి. అంతే, అంతకన్నా అనాల్సిందేమీ లేదు. పెర్లా యూదురాలే, ఆమె ముట్టిస్తే సరిపోతుంది. కానీ ఆ మాట అన్న మరుక్షణం దొన్ నౌమ్ పని ఊడినట్టే. ఇలారియో అక్కడే నిలబడ్డాడు. అరమీద డబ్బాలో అగ్గిపెట్టె ఉంది. ముప్ఫై మూడేళ్లుగా రోజూ కళ్లపడే వస్తువు, ఎన్నడూ చేత్తో ముట్టుకోలేదు.

"ఆ, వేడెక్కుతోందమ్మా!" అని కేక వేసి పుల్ల గీశాడు. రెండు పుల్లలు విరిగాయి. మూడోది వెలిగింది.

పిల్లలొచ్చారు. నీలం గౌన్లు, రెండు జడలు, చెవులు దిమ్మెక్కేంత గోల. పళ్లేలు వరసగా వెళ్తున్నాయి. ఇలారియో తలెత్తకుండా పనిచేశాడు. ఒక్కరోజే కదా, ఎవరికి తెలుస్తుంది, దేవుడు మాత్రం ఇంత చిన్నదానికి లెక్క చూస్తాడా అని మనసుకు సర్ది చెప్పుకున్నాడు. మనసు విన్నట్టే ఉంది. అప్పుడే దొన్ నౌమ్ తలుపు తోసుకుని వచ్చాడు. టోపీ మీద ఎండుటాకు ఒకటి ఉంది. దాదాపు మూడు గంటలు పార్కు బల్ల మీద కూర్చున్నాడని, కొట్టు ఏ వైపో గుర్తురాలేదని తర్వాతెప్పుడో తెలిసింది.

"ప్రార్థన ఆలస్యమైంది" అని గొణిగి మూల బల్ల దగ్గర కూర్చున్నాడు. పెర్లా అలవాటు ప్రకారం రెండు ముక్కలు పెట్టింది. ఒక్క ముక్కయితే చిరుతిండి, రెండయితే భోజనం కింద లెక్క, చేతులు కడుక్కోవాలి. ఆయన లేచి, రెండు పిడుల చెంబుతో చేతుల మీద నీళ్లు పోసుకుని తుడుచుకున్నాడు. అలా కడుక్కున్నాక దీవెన చదివి మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేదాకా పెదవి విప్పకూడదు.

ఇలారియో పొయ్యి దగ్గర నుంచి చూస్తున్నాడు. పటాలంలో రెండేళ్లు ఉత్త బంగాళాదుంపలూ ఉడకబెట్టిన గుడ్లూ తిని బతికిన మనిషి ఆయన. ఆకలికి కళ్లు తిరిగి పడిపోయినా కూడనిది ముట్టుకోలేదు. ఆ నోట్లోకి ఇప్పుడు నా చేత్తో నేనే పెడుతున్నాను. ఇలారియో చేతిలో ఉన్న పిజ్జాలు తీసే పార వదిలేసి పరుగెత్తాడు.

"పెద్దాయనా, తినకండి! ఉప్పెక్కువైంది, ఇవాళ బాగా కుదరలేదు..."

దొన్ నౌమ్ ముక్క పైకెత్తిన చేత్తో అలాగే ఆగాడు. మాట్లాడకూడదు. కనుబొమలెగరేశాడు, ఫరవాలేదులే అన్నట్టు. ఇలారియో ఆయన మణికట్టు పట్టుకున్నాడు. అప్పుడు చూశాడాయన, ఇలారియో ముఖంలోకి సూటిగా. ఎన్ని నెలలుగానో కమ్ముకున్న మబ్బు తొలగినట్టు కళ్లు తేటపడ్డాయి. ముక్క పళ్లెంలో పెట్టి, వేలితో పొయ్యి వైపు చూపించాడు. ఆ వేలే తన గుండెకు ఆనించుకుని తల ఊపుతూ అడిగాడు. నేనేనా?

ఇలారియో తల అడ్డంగా ఊపాడు.

ఆ వేలు నెమ్మదిగా ఇలారియో వైపు తిరిగింది. ఇలారియో తల దించుకున్నాడు.

దొన్ నౌమ్ లేచి నిలబడ్డాడు. "అమ్మాయిలూ, తినడం ఆపండి" అన్నాడు. గొంతు పెద్దదేం కాదు, కానీ గోల ఆగిపోయింది. "నోట్లో ఉన్నది ఉమ్మేయండి. ఇవాళ పొయ్యి వెలిగించడం నేను మర్చిపోయాను. ఇది కోషర్ కాదు. తప్పు నాది."

నలభై మంది పిల్లలు కాగితాల్లోకి ఉమ్మారు. ఒక చిన్నపిల్ల ఏడవడం మొదలుపెట్టింది. పెర్లా గోడ పట్టుకుని నిలబడింది.

"మరి పొయ్యి వెలుగుతోంది కదా. ఎవరు వెలిగించారు?" అంది. ఆమె చూపు ఇలారియో మీద ఉంది.

ఇలారియో నోరు తెరవబోయాడు. దొన్ నౌమ్ అడ్డొచ్చాడు. "నాకు గుర్తులేదమ్మా. ఎవరో దారిన పోయేవాణ్ణి పిలిచి వెలిగించమని ఉంటాను. నా బుర్ర సంగతి నీకు తెలుసుగా. ఈ పనికి నేనింక పనికిరాను."

తాళాలు బల్ల మీద పెట్టాడు. కోటు వేసుకున్నాడు, ఒక చెయ్యి సరిగ్గా దూరలేదు. ఇలారియో సాయం చేయబోతే వద్దన్నాడు. గుమ్మం దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆగాడు.

"ముప్ఫై మూడేళ్లు రా" అన్నాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే ఎంత బాగుండునో అని ఇలారియో ఆ తర్వాత కొన్ని వందలసార్లు అనుకున్నాడు.

కొత్త మష్గియాహ్ వచ్చాడు, గడ్డం ఇంకా సరిగా రాని కుర్రాడు. పొయ్యిని రోజంతా ఎర్రగా కాల్చి శుద్ధి చేశారు, పళ్లేలు పారేసి కొత్తవి తెచ్చారు. రెండు నెలల్లో పేట వాళ్లు మళ్లీ వచ్చారు. ఇలారియో పని ఇలారియోకి ఉంది. ఆ పని ఎవరి అబద్ధం మీద నిలబడిందో అతనికొక్కడికే తెలుసు. దొన్ నౌమ్‌ని వృద్ధాశ్రమంలో చేర్చారని విని, ఈ ఆదివారం వెళ్దాం, వచ్చే ఆదివారం వెళ్దాం అనుకుంటూ ఎనిమిది నెలలు గడిపేశాడు. సిగ్గు అతన్ని కదలనివ్వలేదు.

చివరికి ఒక ఆదివారం కొత్త కుర్రాడితో సీలు వేయించిన ఉల్లిపాయ పిజ్జా పెట్టె ఒళ్లో పెట్టుకుని రైలెక్కాడు. దారి పొడవునా ఒకటే మాట నోట్లో నలుపుకున్నాడు. తప్పు చేశాను పెద్దాయనా, మీ పని పోకూడదనే చేశాను, నన్ను క్షమించండి. దానికి ఆయన ఏమన్నా సరే, పడడానికి సిద్ధపడ్డాడు.

దొన్ నౌమ్ వరండాలో ఎండలో కూర్చుని ఉన్నాడు. సగమైపోయాడు. ఇలారియోని చూసి మర్యాదగా కుర్చీలోంచి లేవబోయాడు.

"రండి, కూర్చోండి. మీరు ఎవరి తాలూకండీ?"

ఒరేయ్ అని తప్ప పిలిచి ఎరగని నోటి నుంచి ఆ 'మీరు' విని ఇలారియో కుర్చీ అంచున కూర్చున్నాడు.

"పిజ్జా కొట్టు నుంచి వచ్చానండీ."

"మా కొట్టు నుంచా!" ముసలాయన ముఖం వెలిగిపోయింది. "మా ఇలారియో ఎలా ఉన్నాడండీ?"

"...బాగున్నాడండీ."

"బంగారంలాంటి మనిషండీ వాడు. మా మతం వాడు కాదు, అయినా నేను లేకుండా అగ్గిపుల్ల ముట్టుకునేవాడు కాదు. ఎన్నేళ్లో తెలుసా? ఎన్నేళ్లో... చాలా ఏళ్లు. ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. రబ్బీ గారితో చెప్పాను, నన్ను నమ్మకపోయినా ఫరవాలేదు, వాణ్ణి నమ్మండీ అని."

"పెద్దాయనా," అన్నాడు ఇలారియో. "ఆ రోజు... ఆ పిల్లలొచ్చిన రోజు..."

"ఏ రోజండీ?"

ఆయన కళ్లలో కోపం కోసం వెతికాడు ఇలారియో. కొంచెమైనా ఉంటే కాళ్ల మీద పడేవాడు. లేదు. క్షమించాల్సిన మనిషి ఆ కళ్లలో ఎక్కడా లేడు. ఈ భారం ఇక దింపుకునే చోటు లేదని ఆ ఎండలో కూర్చుని అతనికి అర్థమైంది. దొన్ నౌమ్ అప్పటికే పెట్టె విప్పి వాసన చూస్తున్నాడు.

"ఇది వాడు చేసిందేనా?"

"వాడేనండీ."

"అయితే ఇంకేం అడగక్కర్లేదు" అని ఒక ముక్క తీసుకున్నాడు. మెల్లగా, ఇష్టంగా తిన్నాడు. తిన్నాక గడ్డం తుడుచుకుని, ఇలారియో మోకాలి మీద చెయ్యి వేశాడు.

"మీరు వెళ్లాక వాణ్ణి ఒకసారి రమ్మనండి బాబూ. ఏమైందో ఏమో, ఈమధ్య బొత్తిగా రావడం మానేశాడు."

"చెప్తానండీ" అన్నాడు ఇలారియో.