మా గొంతులను ఊరికి పంపిన చాచా

పోయిన శుక్రవారం పొద్దున రాయచోటి నుంచి ఫోన్ వచ్చింది. చాచా చిన్నకూతురు. "అన్నా, మా అబ్బా పోయినాడు. తెల్లారుజామున ఫజర్ నమాజుకు లేసి, నీళ్లు తాగి, మళ్లా పండుకున్యాడు. అంతే" అంది. ఏడ్చి ఏడ్చి ఆగిన గొంతు అది. మట్టి ఎప్పుడని అడిగాను. మధ్యాహ్నం నమాజయ్యాక అంది. కోరుట్ల నుంచి నేను ఎంత తొందరగా బయల్దేరినా అందుకోలేనని ఇద్దరికీ తెలుసు. "నువ్వు ఆడ్నే తలుచుకో అన్నా, సాలు" అంది. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

చాచా నాకు చుట్టం కాడు. ఖఫ్జీలో పనిచేసిన తెలుగువాళ్లందరికీ ఆయన చాచానే. ఖఫ్జీ అంటే సౌదీలో కువైట్ సరిహద్దును ఆనుకుని ఉన్న చిన్న ఊరు. అక్కడి బజారులో ఒక సందు చివర ఆయన టేప్‌రికార్డర్లు, రేడియోలు బాగుచేసే దుకాణం నడిపేవాడు. కాగితాల మీద దుకాణం పూచీదారైన అక్కడి కఫీలుది, కష్టం చాచాది. నేను కరెంటు పనికి ఆ ఊరు చేరినవాణ్ణి. పెళ్లయిన ఏడాదికే విమానమెక్కాను.

ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు గానీ, ఆ రోజుల్లో ఇంటితో మాట్లాడటమంటే మాకు క్యాసెట్టే. ఉత్తరం రాయాలంటే మాలో సగంమందికి చదువు లేదు. రాసినా, అక్కడ చదివి వినిపించడానికి ఇంకొకరు కావాలి. భార్యకు చెప్పే మాట బడిపంతులు నోటినుంచి వింటే ఏం బాగుంటుంది? అందుకని ఖాళీ క్యాసెట్ కొని, ఎర్ర బటన్ నొక్కి మాట్లాడి, ఊరికి పోయేవాడి చేతిలో పెట్టేవాళ్లం. ఇంటివాళ్లు విని, తమ మాటలు నింపి, తిరిగి వచ్చేవాడితో పంపేవారు.

నా భార్య పంపిన మొదటి క్యాసెట్‌ను మా గదిలోని టేప్‌రికార్డర్ నమిలేసింది. టేపు చిక్కుపడి, తెగింది. దాన్ని రుమాల్లో చుట్టుకుని, దెబ్బ తగిలిన పిట్టను పట్టుకుపోయినట్టు చాచా దగ్గరికి పట్టుకుపోయాను. ఆయన కళ్లద్దాలు ముక్కు మీదికి దించుకుని, టేపు ముడతలు వేలితో సాపు చేసి, తెగినచోట సన్నగా అతికించి, పెన్సిల్ దూర్చి చక్రం తిప్పుతూ లోపలికి చుట్టాడు. తర్వాత టేప్‌రికార్డర్‌లో పెట్టి, చప్పుడు పూర్తిగా తగ్గించి, చక్రాలు తిరుగుతున్నాయా లేదా అని మాత్రం చూశాడు.

"మాట అస్తుందో లేదో జర పెట్టి ఇను చాచా" అన్నాను.

"మీ ఆడమనిషి మాట నేనెందుకు ఇనాల నాయనా? ఇదో, నువ్వు ఇను" అని చెవులకు పెట్టుకునేది నాకిచ్చి, తాను బయటికి పోయి గడప మీద కూర్చున్నాడు. అతికినచోట ఒక్క మాట ఎగిరిపోయింది. మిగతాదంతా ఉంది. ఆమె గర్భిణి అన్న సంగతి నేను ఆ దుకాణంలో కూర్చుని విన్నాను. నేను బయటికి రాగానే చాచా నా మొహం చూశాడు. పక్క హోటల్ నుంచి పాలు లేని సులేమానీ చాయ్ తెప్పించి నా చేతికిచ్చాడు.

మైకు ముందు కూర్చుంటే చాలామందికి నోరు పెగిలేది కాదు. ఎత్తయిన గోడల మీద పరుగెత్తే మేస్త్రీలకు కూడా ఎర్ర బటన్ చూస్తే చెమటలు పట్టేవి. అలాంటివాళ్లను చాచా తన దుకాణంలోనే కూర్చోబెట్టి మాట్లాడించేవాడు. "యాడనుంచి మొదులు పెట్టల్లని దిగులొద్దు ప్పా. పొద్దున ఏం తిన్న్యావో సెప్పు. ఆడనుంచి మాట అదే వస్చాది" అనేవాడు. నిజంగానే వచ్చేది.

ఆ తర్వాత కువైట్ కోసం ఇరాక్‌తో యుద్ధం వచ్చింది. మొదటిరోజే ఖఫ్జీ మీద గుండ్లు పడ్డాయి. ఊరు ఖాళీ చేయమన్నారు. దొరికిన లారీలు, బస్సులు పట్టుకుని అందరం దమ్మాం దారిపట్టాం. మేం బట్టలు మూటకట్టుకుంటుంటే, చాచా దుకాణమంతా వదిలేసి ఒక్క టేప్‌రికార్డర్‌ను దుప్పట్లో చుట్టి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. "బట్టలు తెచ్చుకోలేదేంది చాచా?" అని ఎవరో అడిగితే, "బట్టలు యాడైనా దొరుకుతాయి లేప్పా" అన్నాడు.

దమ్మాంలో మమ్మల్ని ఒక పాత లేబర్ క్యాంపులో దించారు. అక్కడా సైరన్లే. విషవాయువు వదులుతారేమోనని మూతికి కట్టుకొమ్మని మాస్కులిచ్చారు. కొన్నాళ్లకు ఇరాక్ సైన్యం ఖఫ్జీలోకి వచ్చిందని రేడియోలో చెప్పారు. మేం అక్కడ లేమని మాకు తెలుసు. ఇంటివాళ్లకు తెలియదు. వాళ్లకు తెలిసిందల్లా మేం ఖఫ్జీలో ఉన్నామని, ఖఫ్జీ శత్రువు చేతికి చిక్కిందని. ఫోన్లు కలవలేదు. ఉత్తరాలు ఎప్పుడు చేరతాయో చెప్పేవాడు లేడు. నా భార్యకు నెలలు నిండాయి.

అప్పుడే నిజామాబాద్ వైపు డ్రైవర్ ఒకాయనకు దేశం విడిచిపోయే ఎగ్జిట్ కాగితం దొరికింది. బస్సులో జెద్దా పోయి, అక్కడ విమానమెక్కుతానన్నాడు. ఆ సంగతి తెలియగానే చాచా క్యాంపు వంటగదిలో టేప్‌రికార్డర్ పెట్టి అందరినీ పిలిచాడు. ఉన్నది ఒకటే క్యాసెట్. "ఒక పక్క మనది, ఇంగో పక్క మీ ఇండ్లోళ్లది. పేరు, ఊరు సెప్పల్ల, బాగుండామని సెప్పల్ల, లేసి పోవల్ల" అన్నాడు.

మెట్‌పల్లి మేస్త్రీ ఒకతను మాట్లాడుతుండగా సైరన్ మోగింది. అందరం గోడ వారకు చేరాం. అది ఆగాక చాచా వచ్చి, సైరన్ మోత పడినచోటును చెరిపేయడానికి టేపు వెనక్కి తిప్పడం మొదలుపెట్టాడు.

నాకు కోపం వచ్చింది. "అట్లనే ఉండనియ్ చాచా! మేమెంత గోసల ఉన్నమో ఇంటోళ్లకు ఎరుక కావాలె గద."

"ఎరుకై ఏం సేస్చారు నాయనా వాళ్లు? ఆడ కూసోని ఏడుస్చారు. మనిషి బతికుండాడని తెలిస్తే అన్నం తింటారు. మనం పంపాల్సింది అన్నం దిగే మాట."

చాచా ఆ మేస్త్రీని మళ్లీ కూర్చోబెట్టాడు. అతను ఇంకా తలుపువైపే చూస్తున్నాడు. "పొద్దున ఏం తిన్న్యావు?" అన్నాడు చాచా. "ఖుబ్బూస్ రొట్టె, పప్పు." "పప్పులో ఉప్పుండాదా?" "ఏడిది చాచా! వండింది నువ్వే గద!" అని మేస్త్రీ ఫక్కున నవ్వాడు. మేమంతా నవ్వాం. అప్పటికే ఎర్ర బటన్ నొక్కి ఉంది. ఆ నవ్వు మీదే మేస్త్రీ తన పేరు, ఊరు చెప్పాడు.

నా వంతు వచ్చింది. ఏం తిన్నానో చెప్పాను, పిల్లో పిల్లగాడో పుట్టగానే ఆ ఏడుపు పట్టి పంపమన్నాను. చివర్లో ఇంకాస్త టేపు మిగిలింది. "నువ్వు మాట్లాడలేదు గద చాచా" అన్నాను.

"ఇది రాయచోటి దాకా యాడ పోతాది ప్పా? బయట గూర్ఖా నిలబడినాడు. వాని ఊరాయన ఎవురో హైదరాబాద్‌లో ఉండాడంట. వాన్ని పిలువు" అన్నాడు.

ఆయనకూ ఇంటిదగ్గర భార్య ఉంది, పిల్లలున్నారు. వాళ్లూ అదే రేడియో వింటున్నారు. ఆ సంగతి మాలో అందరికీ తట్టింది. డ్రైవర్ బస్సెక్కేముందు ఆయన్ని పక్కకు పిలిచి, చాచా ఇంటి చిరునామా చెప్పి, హైదరాబాద్‌లో దిగగానే ఒక టెలిగ్రాం కొట్టమన్నాం. ఆయన కొట్టాడు. చాచా పేరుతోనే.

ఆ క్యాసెట్ ఊరూరా తిరిగిన సంగతి తర్వాత నా భార్య చెప్పింది. ఒక ఊరివాళ్లు విని, పక్క ఊరికి సైకిల్ మీద పంపేవారట. మా ఊళ్లో కిరాణా దుకాణం ముందు పెట్టి వినిపించారట. నిండు నెలల మనిషి కదా అని ఆమెకు స్టూల్ వేశారట. మెట్‌పల్లి మేస్త్రీ తల్లి కొడుకు నవ్వును మళ్లీ మళ్లీ పెట్టించుకుని, "ఆకలైతుంది, ఇంత బువ్వ పెట్టుండ్రి" అందట. అన్నాళ్లకు ఆమె అడిగి తిన్న అన్నం అదే.

యుద్ధం ముగిశాక మేం ఖఫ్జీ చేరాం. దుకాణం తలుపు ఊడిపోయి ఉంది, లోపల సామాను లేదు. చాచా చీపురు పట్టుకుని గాజుపెంకులు ఊడ్చాడు. అదే నెలలో క్యాసెట్ తిరిగి వచ్చింది, రెండో పక్క నిండా ఇళ్ల మాటలతో. నాది వచ్చింది. "ఇగో, నీ బిడ్డ. ఇను" అని నా భార్య గొంతు, ఆ వెంటనే ఒక ఏడుపు. అందరి ముందూ నేనూ ఏడ్చాను. చాచాకు ఇంటినుంచి ఉత్తరం వచ్చింది. అది చదువుకుని మా అందరినీ కలియజూశాడు. "నేను కొట్టని తంతి నా పేరుతో పోయిందంట! ఎంత అబద్ధాలకోరులు మీరు!" అని నవ్వుతూనే కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

ఆ తర్వాత కాలం తొందరపడింది. టెలిఫోన్ బూత్‌లు వచ్చాయి, గీకి వాడే కార్డులు వచ్చాయి, చేతి ఫోన్లు వచ్చాయి. దుకాణంలో క్యాసెట్ల అరలో కార్డులు చేరాయి, కార్డుల చోట సిమ్ములు చేరాయి. చాచా దేన్నీ తిట్టలేదు. "సరుకు మారుతుంటాది ప్పా. ఇంటి మీద బెంగ మారదు" అనేవాడు. కళ్లు సరిగ్గా కనపడకుండా పోయాక దుకాణం ఒప్పజెప్పి రాయచోటి చేరాడు. నేనూ కొన్నేళ్లకు వచ్చేశాను. నా బిడ్డ పెళ్లికి ఆయన అంతదూరం నుంచి వచ్చి, దాని నెత్తిన చెయ్యి పెట్టి, "దీని ఏడుపు నేను ముందే ఇన్న్యా" అని పెళ్లివారందరికీ చెప్పుకున్నాడు.

కిందటేడు చూసి వద్దామని రాయచోటి పోయాను. వసారాలో మంచం మీద కూర్చుని ఉన్నాడు, బాగా చిక్కిపోయాడు. మేం మాట్లాడుకుంటుండగా సౌదీలోని జిజాన్‌లో ఉన్న పెద్దకొడుకు వీడియో కాల్ చేశాడు. చిన్నకూతురు ఫోన్ అందించింది. చాచా దాన్ని తిన్నగా చెవికి ఆనించుకున్నాడు.

"అబ్బా, మొగం ముందర పెట్టుకో. అన్న నిన్ను సూడల్లంట" అంది కూతురు.

చాచా తల ఊపాడు గానీ ఫోన్ చెవి మీదినుంచి తీయలేదు. అటునుంచి కొడుకు, "ఉండనీలే చెల్లీ" అన్నాడు.

ఎండ వసారాలోకి వచ్చింది. చాచా కళ్లు మూసుకుని, రెండో చేత్తో రెండో చెవి మూసుకుని, కొడుకు పొద్దున ఏం తిన్నాడో వింటున్నాడు. అంత దూరాన జిజాన్‌లో ఆ కొడుకు, తెరనిండా ఉన్న తండ్రి చెవినీ దాని పక్కనున్న తెల్లవెంట్రుకలనూ చూస్తూ మాట్లాడుతూనే ఉన్నాడు.