కూరకు కోసిన గుండెకాయ

ఈ సంగతి జరిగినప్పుడే రాసిపెట్టాల్సింది. అప్పటికి నాకు అక్షరాలు రావు. యాభై దాటాక నేర్చుకున్నాను కనుక ఇప్పుడు రాస్తున్నాను.

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడాది నన్ను ఇబ్రహీంపట్నం మండలంలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలకు బదిలీ చేశారు. నాది అటెండరు ఉద్యోగం, మా ఆయన పోయాక ఆయన బదులు ఇచ్చింది. చేరిన రోజే హెడ్మాస్టరు "చదువొస్తదా?" అని అడిగారు. వస్తదన్నాను. అందుకే ఊడ్చే పని తప్పించి సైన్సు ల్యాబు అప్పగించారు. మోకాళ్ల నొప్పి మనిషికి కూర్చుని గాజు సామాను కడుక్కునే పని దొరకడం చిన్న విషయం కాదు. అబద్ధం బయటపడితే అది పోతుంది.

స్లైడ్ల పెట్టెలను రంగును బట్టి గుర్తుపట్టేదాన్ని. ఉల్లిపొర తీసి, రంగు చుక్క వేసి, గాలి బుడగ లేకుండా పైన పల్చటి గాజు మూయడంలో నా చెయ్యి బాగా తిరిగింది.

ఒక పోస్టు ఖాళీగా ఉండడంతో సైన్సు మొత్తం సునీత మేడమే చెప్పేవారు. ఒక మంగళవారం సాయంత్రం నా చేతికి చీటీ ఇచ్చారు.

"యాదమ్మా, రేపు ఎనిమిదోళ్లకు మేక గుండెకాయ చూపియ్యాలె. ఎట్ల తేవాల్నో రాసిన, చూసుకో."

చీటీ సంచిలో వేసుకున్నాను. పొద్దున మటన్ కొట్టులో గుండెకాయ కొని, ల్యాబు నల్లా కింద ఇంట్లో చేసినట్టే చేశాను. కొవ్వు గీకి, గొట్టాలు కోసి, నాలుగు ముక్కలు చేసి, గడ్డకట్టిన రక్తం కడిగాను. తీసేసినవన్నీ కుక్కకు వేద్దామని కాగితంలో చుట్టాను.

క్లాసులో మేడం ట్రే మూత తీశారు.

"ఇదేంది యాదమ్మా! కొయ్యొద్దని రాసిన గద!"

"మేడం, అల్లం వెల్లుల్లి నేను తేవాల్నా?" అంది ముందు బెంచీలోని షాహేదా. క్లాసంతా నవ్వింది.

మర్చిపోయిన మేడం, అన్నాను. ఆమె ట్రే నా ముందుకు జరిపి, "కోసినోళ్లకే తెలుస్తది ఏది యాడిదో. మళ్ల అతుకు, పిల్లలు చూస్తరు" అన్నారు.

సూది దారంతో మొదలుపెట్టాను. మందమైన గోడ ఎడమకు, పల్చటిది కుడికి. నేను ముక్క ఎత్తినప్పుడల్లా మేడం ఆపి చెప్పేవారు. ఈ ఎర్రటిది కండర కణజాలం, కాగితంలోని తెల్లటిది కొవ్వు కణజాలం, లోపలి తెల్ల దారాలు కవాటాలను పట్టి ఉంచేవి. ఒక్కో కణజాలంలో లెక్కలేనన్ని కణాలు.

"గిన్ని తీర్లయి కలిసి ఒక్క పని చేస్తేనే దాన్ని అవయవం అంటం" అన్నారు.

ఒక గొట్టం మిగిలింది. దాని చోటు మేడం పుస్తకంలో బొమ్మ చూసి చూపించారు.

"కుట్టినంక కొట్టుకుంటదా మేడం?" అని షాహేదా అడిగింది.

"కొట్టుకోదు బిడ్డా. కణాలు సచ్చిపోయినయ్."

క్లాసు బాగా జరిగిందని మేడం సంతోషించారు. వెళ్తూ ఇంకో చీటీ ఇచ్చారు. మర్నాడు ఆమ్లాల పాఠం, అందులో రాసిన ఐదు సీసాలు దించి పెట్టమన్నారు. అంతకుముందు వాటిని ఆమే దించుకునేవారు. అల్మారా తెరిచాను. అన్నీ ఒకే ఎత్తు, ఒకే గోధుమ రంగు సీసాలు. ఒక్కటీ ముట్టుకోకుండా తాళం వేశాను.

గుండెకాయ పాడైతే ఇంకోటి కొనుక్కోవచ్చు, పిల్లల కళ్లు అట్లా కాదు. ల్యాబులో రాని పని వచ్చినట్టు చేయకూడదని నాకు ఆ రోజు అర్థమైంది. ఆ తర్వాత వచ్చిన కొత్త అటెండర్లకూ అదే చెప్పాను.

మర్నాడు పొద్దున హెడ్మాస్టరు గదికి వెళ్లి, "సార్, నాకు చదువు రాదు. అబద్ధం చెప్పిన" అన్నాను.

"మరి ఇన్నేండ్లు సంతకం ఎట్ల పెట్టినవ్?"

"బొమ్మ లెక్క నేర్చుకున్న సార్."

ల్యాబు తాళంచెవి ఆయన టేబుల్ మీద పెట్టి, బయటకు వచ్చి ప్రార్థన గంట కొట్టాను.