కువైట్ నుంచి వచ్చిన స్టీరింగ్ ర్యాక్

రెండు వేల ఎనిమిదో, తొమ్మిదో. అమ్మకు కిడ్నీలు పాడై, వారానికి రెండుసార్లు ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు డయాలసిస్‌కు పోవాల్సి వచ్చేది. ఆమెకు మోకాళ్లు వంగవు. అందుకని నాయనా నేనూ వెతికి వెతికి పాత చిన్న ఎస్‌యూవీ ఒకటి కొన్నాం. దాని సీటు సరిగ్గా అమ్మ నడుం ఎత్తున ఉండేది. వెనక్కి కూర్చుని కాళ్లు లోపలికి తిప్పుకుంటే చాలు. కూర్చున్నాక మా ఇద్దరినీ మహారాణిలా చూసేది.

ఏడాది తిరగకుండానే, చక్రాలను తిప్పే స్టీరింగ్ ర్యాక్ విరిగింది. బండి నంద్యాల షెడ్డులో పడింది. మన దేశంలో ఆ మోడల్ అమ్మడం ఎప్పుడో మానేశారట. కర్నూలు దాకా అడిగినా సామాను దొరకలేదు. కువైట్‌లో ఉన్న అమ్మ తమ్ముడు, మా మామ, ఫోన్లో నవ్వాడు.

"ఈడ వీధికి నాలుగుండాయి బావా ఆ బండ్లు! నేను పంపిస్తా."

మా ఇళ్లల్లో టార్చిలైటైనా దుప్పటైనా కువైట్‌దంటే కళ్లకద్దుకుంటాం. మెకానిక్‌ను ఒక్క మాట అడగాలని నాకు తోచనేలేదు. మామ సెలవురోజున పాత బండ్ల యార్డుకు పోయి, ఆ ఎండలో తన చేతులతోనే ర్యాక్ విప్పి, ఊరికొస్తున్న కడప మనిషి పెట్టెలో పంపాడు. అది చేరేసరికి నెలన్నర. అన్నాళ్లూ అమ్మకు బస్సే గతి.

మెకానిక్ కట్ట విప్పి తల పట్టుకున్నాడు.

"ఏందన్నా ఇది? ఆడ స్టీరింగ్ ఎడమ పక్కుంటాది, మనకు కుడి పక్క. పేరొకటే గానీ, ఒక్కో దేశానికి ఒక్కో తీరుగా చేస్తారు."

"తిరగేసి పెడితే?" అన్నాను సిగ్గులేకుండా.

"నువ్వు కుడికి తిప్పితే అది ఎడమకు పోతాది."

నాయన ర్యాక్‌ను మళ్లీ గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకున్నాడు. నా మీద నాకే ఒళ్లు మండింది. తిట్టడానికి ఇంకెవరూ లేరు.

ఆ రోజు డయాలసిస్ అయ్యాక అమ్మను మళ్లీ బస్సే ఎక్కించాం. నేను కింద నుంచి ఎత్తితే నాయన పై నుంచి లాగాడు. సగం దారిలో మామ ఫోన్ చేశాడు. నా చేతిలోని ఫోన్ అమ్మే లాక్కుంది.

"అక్కా, సామాను సరిపోయిందా?"

"సరిపోయిందబ్బీ. మన బండ్లోనే పోతాండాం."

అంతలోనే కండక్టర్ గట్టిగా అరిచాడు. "శిరివెళ్ల! దిగేవాళ్లు రాండి!"

"ఎవరక్కా ఆ అరిచేది?"

"రోడ్డు మీద ఎవరోలే. మీ బావ అద్దాలు దించినాడు. గాలి బాగుంది."

ఫోన్ నా చేతికిచ్చి, ముందు సీటు కడ్డీని రెండు చేతులతో పట్టుకుంది.

"వాడు మళ్లా అడిగితే నువ్వూ ఇట్లే చెప్పు," అంది.